తూములపాడు మండలంలో ఆకురాలు కాలం అమలు

పోయినేడు ఆశ్వయుజంలో మా తూములపాడు మండలానికి ఆకురాలు కాలం వచ్చింది. టపాలో వచ్చింది. మూడు ప్రతులు, రెండు జతపరచిన కాగితాలు, పైన "అతి జరూరు" అని ఎర్ర ముద్ర.

అంతకు ముందు మా ఊళ్ళో ఆకులు రాలేవి కావా అంటే, రాలేవి. మాఘం వెళ్ళి ఫాల్గుణం వస్తుంటే వేపచెట్లూ కానుగచెట్లూ ఎవర్నీ అడక్కుండా రాల్చుకునేవి. కాకపోతే దానికి ఉత్తర్వు లేదు. ఉత్తర్వు లేని పని జరగనట్టే గనక, ఆఫీసు కాగితాల ప్రకారం మా మండలంలో ఇన్నేళ్ళూ ఒక్క ఆకు కూడా రాలలేదు. ఆశ్వయుజమంటే మాకు వానలు, వరి పొట్టకొచ్చే రోజులు, వాగు గట్టున రెల్లు తెల్లగా పూసే రోజులు. చెట్టు మీదున్న ఆకు నీళ్ళు తాగి నిగనిగలాడుతూ ఉంటుంది. రాలమన్నా రాలదు.

పై ఆఫీసులో ఒక పెద్దాయన చలిదేశం ఏదో చూసి వచ్చారట. అక్కడ ఈ నెలలోనే చెట్లన్నీ ఎర్రబడి ఆకులు జలజలా రాలుతుంటే, జనం వాటి కింద కూర్చుని కవిత్వం రాసుకుంటున్నారట. ఆయనకి గుండె కరిగింది. విమానం దిగేలోపే ముసాయిదా తయారైంది.

ఉత్తర్వులో ముఖ్యమైన ముక్క ఇదీ: "ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునదేమనగా, శరదృతు చైతన్యము పెంపొందించు నిమిత్తము, ఇకమీదట మూడు నెలలపాటు తహసీల్దారు కార్యాలయమునకు సమర్పించు ప్రతి అర్జీయు ఆరు పాదముల ఆద్యక్షర కవితారూపమున ఉండవలెను. అనగా, పాదముల మొదటి అక్షరములను పైనుండి క్రిందికి చదివినచో 'ఆకురాలుకాలం' అని రావలెను. అట్లు రాని అర్జీలు రాలిపోయినట్లు భావించబడును."

అర్జీలు రాయడం నా పని. నలభై ఏళ్ళ నుంచీ ఆఫీసు ఆవరణలో బాదం చెట్టు కింద బల్ల వేసుకుని రాస్తున్నాను. చెట్టుకి అటు పక్క నా బల్ల, ఇటు పక్క వజ్రమ్మ ఇడ్లీ పొయ్యి. ఆ చెట్టు వజ్రమ్మ పెనిమిటి యేసోబు నాటింది. అప్పటికి అక్కడ ఆఫీసు లేదు, తుమ్మలు ఉండేవి. తర్వాత ఆఫీసు వచ్చింది, గోడ కట్టారు, చెట్టు గోడకి లోపల పడింది. యేసోబు పోయాడు, చెట్టు ఉంది. దాని ఆకు అరచేతులు రెండూ చాపినంత ఉంటుంది. వజ్రమ్మ ఆ ఆకులోనే ఇడ్లీలు పెడుతుంది, స్టీలు పళ్ళెం జోలికి పోదు. వేడి ఇడ్లీ తగలగానే ఆకు లోంచి ఒక వాసన లేస్తుంది చూడండి, ఆ వాసనకి పక్క మండలం అర్జీదారులు కూడా దారి తప్పి మా ఆఫీసుకి వచ్చేవారు.

ఉత్తర్వు వచ్చిన రోజున తహసీల్దారు కోదండపాణి గారు నన్ను లోపలికి పిలిపించారు. మంచి మనిషి. పై నుంచి వచ్చిన కాగితాన్ని రెండు చేతులతో అందుకుంటారు.

"పానకాలు గారూ, మీకు కవిత్వం వచ్చునా?" అని అడిగారు.

"చిన్నప్పుడు వీధిబడిలో పద్యం అప్పజెప్పకపోతే మా పంతులు గారు తొడపాశం పెట్టేవారండి. అంతవరకు వచ్చు."

ఆయన ఉత్తర్వు తిరగేసి చూశారు. "తొడపాశం గురించి ఇందులో ప్రస్తావన లేదు. మిగతాది మీరు చూసుకోండి. ప్రజలకు అసౌకర్యం కలగరాదు, నిబంధనకు భంగం రారాదు."

మొదటి బేరం అంకయ్యది. మోకాలు పట్టేసింది, పింఛను ఆగిపోయింది. నేను కలం నెత్తికి రెండుసార్లు కొట్టుకుని రాసిచ్చాను:

ఆకులన్నీ రాలిపోయె అయ్యగారూ,
కుడికాలికి వాతమొచ్చి కదలలేను.
రావలసిన పింఛనింక రాకపోయె,
లుంగీ ఒకటి తప్ప నాకు ఆస్తి లేదు.
కాగితాలు జతపరిచితి, కనికరించి
లంకణాలు మాన్పించుడి, దండమండి.

అంకయ్య అది రెండుసార్లు చదివించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. "నా బాధ ఇంత బాగుంటదని నాకే తెలవదు పానకాలూ," అన్నాడు.

అక్కణ్ణించి గిరాకీ చూడాలి! పొలం గట్టు తగాదా, రేషన్ కార్డులో పేరు, కుల ధ్రువపత్రం, పిడుగు పడి చచ్చిన గేదె, అన్నీ ఆరు పాదాల్లోకి వచ్చేశాయి. చిక్కల్లా నాలుగో పాదంతోనే. 'లు'తో మొదలయ్యే మాట మా వైపు ఒక్కటే వాడుకలో ఉంది. అందుకని ఆ మూడు నెలల్లో మా మండలంలో లుంగీ లేని అర్జీ లేదు. ఒకావిడ వితంతు పింఛనుకి రాయించుకుంటూ అడ్డం తిరిగింది.

"నాకు లుంగీ ఏందయ్యా, సిగ్గులేకుండా?"

"లుంగీ నీది కాదమ్మా, ఋతువుది. నువ్వు వేలిముద్ర వెయ్యి," అన్నాను.

ఇటు పక్క పొయ్యి దగ్గర వజ్రమ్మ పగలబడి నవ్వింది. "పానకాలన్నా, నీ లుంగీలన్నీ కలిపి కుడితే ఊరంతటికీ పందిరెయ్యొచ్చు!"

లోపల సంగతి వేరే. కోదండపాణి గారు మొదటి రెండు రోజులూ కవితలన్నీ ఆసాంతం చదివారు. రోజుకి నూటయాభై. మూడో రోజు మధ్యాహ్నానికి ఆయన మాట్లాడే ప్రతి ఆరో మాటా 'లం'తో మొదలవడం మొదలెట్టింది. ఇంటి దగ్గర ఆయన భార్య భయపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందని చెప్పుకున్నారు. అప్పుడు సీనియర్ అసిస్టెంటు ప్రభుదాసు ఒక ఉపాయం కనిపెట్టాడు. కొత్త చొక్కా పెట్టిన అట్టపెట్టె తీసుకుని, దాన్నుంచి కాగితమంత ముక్క కోసి, ఎడమ అంచున వేలెడు వెడల్పున నిలువుగా ఒక సందు కత్తిరించాడు. ఆ అట్టని అర్జీ మీద పెడితే మొదటి అక్షరాలు మాత్రమే కనపడతాయి. మిగతాదంతా అట్ట కిందికి పోతుంది.

"ఆ, కు, రా, లు, కా, లం. సరిపోయింది. మిగతాదంతా వర్ణనే గదండీ సారూ," అన్నాడు ప్రభుదాసు.

కోదండపాణి గారు అట్ట పెట్టారు, తల ఊపారు, సంతకం పెట్టారు, ముద్ర కొట్టారు. గంటకి నలభై అర్జీలు తేలిపోయాయి. ఆ రోజు నుంచీ మా ఆఫీసులో అర్జీ చదవడం మానేశారు. ముందు మాత్రం చదివేవారా అని మీరు అడగొచ్చు. అప్పుడూ అంతంతమాత్రమే గానీ, దానికంటూ ఒక పరికరం ఉండేది కాదు.

అక్షరాలు ఆరూ ఉంటే చాలు, అర్జీ మంజూరు. అంకయ్య పింఛను నాలుగు రోజుల్లో వచ్చింది. పొలం గట్టు తగాదాలో ఇద్దరూ అర్జీ పెట్టుకుంటే ఇద్దరికీ మంజూరైంది. పిచ్చికుక్క కరిచిందని సూరమ్మ అనే ఆవిడ పెట్టుకున్న అర్జీ మీద "మంజూరు చేయడమైనది, కుక్కకు తెలియపరచవలెను" అని వచ్చింది. ఆవిడ ఆ కాగితం తీసుకుని కుక్క ఇంటివాళ్ళ గుమ్మం ముందు మూడు రోజులు నిలబడింది.

ఇలా హాయిగా సాగుతుంటే ఒకనాడు జీపు వచ్చింది. అందులోంచి జిల్లా ఋతు అమలు అధికారి అనంతపద్మనాభం గారు దిగారు. అలాంటి ఉద్యోగం ఒకటుందని ఆయన దిగేదాకా ఎవరికీ తెలీదు. బహుశా ఆయనకీ ఆ వారమే తెలిసి ఉంటుంది. నల్లద్దాలు, చేతిలో తోలు సంచి, వెనక కొలటేపు పట్టుకుని డ్రైవరు.

ఆయన వస్తూనే నేల వంక చూశారు.

"కవితలు పధ్నాలుగు వందలు వచ్చినట్టు నివేదిక పంపారు. సంతోషం. రాలిన ఆకులేవి?"

కోదండపాణి గారు గొంతు సవరించుకున్నారు. "సార్, మా ప్రాంతంలో ఈ కాలంలో..."

"ప్రాంతం సంగతి కాదు నేనడిగేది. ప్రత్యక్షానుభూతి లేని కవిత్వం ఊహాజనితం. ఊహాజనిత పత్రాలను ప్రభుత్వం అంగీకరించదు. ఆకు రాలకుండా పధ్నాలుగు వందల మంది ఆకు రాలిందని రాశారంటే, ఇది పధ్నాలుగు వందల తప్పుడు వాంగ్మూలాల కేసు. గ్రహించారా?"

కోదండపాణి గారు గ్రహించి కుర్చీ వెతుక్కున్నారు. సరిగ్గా ఆ సమయానికి వజ్రమ్మ, ఎవరో దూరం నుంచి వచ్చిన మనిషి, ఆకలి మీదున్నాడేమోనని, ఒక ఆకులో రెండిడ్లీలు పెట్టి ఆయన ముందుకు చాచింది. బాదం చెట్టుకి ఏ కాలంలోనైనా ముదురాకులు నాలుగు ఎర్రబడి ఉంటాయి. అది అలాంటి ఎర్రాకు. నిప్పులాగా ఉంది.

పద్మనాభం గారు నల్లద్దాలు తీశారు.

"ఇది... ఇది శరత్తు!"

"కాదయ్యా, ఇడ్లీ," అంది వజ్రమ్మ.

ఆయన వినిపించుకోలేదు. ఇడ్లీలు డ్రైవరు చేతిలో పెట్టి, ఆకు కడిగించి, తోలు సంచిలో దాచుకున్నారు. చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగారు. సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారు. ఆ బాదం చెట్టు ఇకపై మండల అధికారిక శరద్వృక్షం. దాని ఆకు ప్రభుత్వ ఋతు సంపద. దాని కింద పొయ్యి వెలిగించడం, దాని ఆకులో తినుబండారాలు వడ్డించడం నిషిద్ధం. చుట్టూ ముళ్ళకంచె. నా బల్లని మాత్రం కంచె లోపలే ఉండనిచ్చారు, నేను కవిత్వ విభాగం కిందికి వస్తాను గనక.

వజ్రమ్మ పొయ్యి గోడ బయట, మురుక్కాలవ పక్కకి పోయింది. చెట్టు కింద తినేవాళ్ళు ఎండలో నిలబడి ఎందుకు తింటారు? పైగా కాగితం ప్లేట్లు. ఆ వాసన లేదు. రెండో రోజుకే సగం పిండి మిగిలిపోయింది. ఆవిడ ఏడవలేదు. కంచె బయట నిలబడి చెట్టు వంక చూస్తూ, "యేసోబు దీనికి బిందెలతో నీళ్ళు మోసినప్పుడు ఈ ఆపీసర్లు ఏడున్నారో," అంది. అంతే.

పద్మనాభం గారు మా ఊళ్ళోనే మకాం పెట్టారు. శనివారం నాడు శరదుత్సవం, దానికి చెట్టు విరివిగా రాలుతూ ఉండాలి. రోజుకి నలభై ఆకులు లక్ష్యం. చెట్టేమో రోజుకి అయిదు రాల్చింది, ఒకరోజు ఆరు. దానికి సంజాయిషీ నోటీసు చెట్టుకే అంటించారు. అప్పుడు ఆఫీసులో ఉన్న పెద్ద పంకాలు మూడూ వరండాలోకి తెచ్చి చెట్టు మీదికి తిప్పారు. చెట్టు కదల్లేదు. వెనక నుంచి గాలి లాగి, లోపల బీరువా మీదున్న ఫైళ్ళన్నీ లేచి బయటికి ఎగిరాయి. పదకొండేళ్ళుగా కనపడటం లేదని చెబుతున్న ఒక పట్టాదారు పాసు పుస్తకం ఎగిరొచ్చి దాని సొంతదారు ఒళ్ళోనే పడింది. నేను ఎక్కువ చేసి చెబుతున్నానని మీరనుకుంటారు. ఆ రైతు ఇప్పటికీ ఉన్నాడు, ఆ పంకాకి కొబ్బరికాయ కొట్టాడు, అడగండి.

పంకాలు పనిచెయ్యలేదు. పచ్చాకులు కొన్ని కర్రలతో రాల్చి పారాణి పూశారు. పద్మనాభం గారు వేలితో రుద్ది చూసి, "ఇది అపరిపక్వ పతనం," అని తోసిపుచ్చారు. చివరికి గురువారం నాడు సమావేశం పెట్టి, తుది నిర్ణయం ప్రకటించారు.

"కాండం చుట్టూ మూరెడు మేర బెరడు ఒలిచివేయబడును. తద్వారా చెట్టు క్రమక్రమంగా, శాస్త్రీయంగా, సంపూర్ణంగా ఆకు రాల్చును. శనివారం భోజనానంతరం తొలి బెరడు నేనే స్వహస్తాలతో ఒలిచి ఉత్సవాన్ని ప్రారంభించెదను. వెండి పూత కత్తి ఒకటి ఏర్పాటు చేయవలెను."

"సార్, చుట్టూ ఒలిస్తే చెట్టు ఎండిపోతుందేమో," అన్నారు కోదండపాణి గారు మెల్లగా.

"ఎండిపోవుట వచ్చే ఋతువు. అది నా విభాగం కాదు."

నేను బయటికి వచ్చి వజ్రమ్మకి చెప్పాను. ఆవిడ చేతిలో గరిటె పిండిలోకి జారిపోయింది. తర్వాత నా బల్ల వైపు చూసింది.

"పానకాలన్నా, నువ్వు ఇన్నాళ్ళ నుంచీ రాస్తన్నావే, మన తాసీల్దారు సారు ఎప్పుడన్నా ఒక్కటన్నా పూర్తిగా చదివాడా?"

"ఈ నెలలోనా? లేదమ్మాయ్. అట్ట పెడతాడుగా."

"నేను రోజూ టీ ఇయ్యటానికి పొయ్యేదాన్నిగా, చూశాను. అట్టకి అంచున సందు. ఆ సందులోంచి చూస్తాడు. మరి అట్ట కింద ఏముందో ఆయనకేం తెలుసు?"

నేను ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ గరిటె తీసి కడుక్కుంటోంది. ఆవిడకి ఒక్క అక్షరం రాదు. నలభై ఏళ్ళుగా అక్షరాలు అమ్ముకుంటున్న నాకు ఆ మాట తట్టలేదు.

శుక్రవారం ఉదయం కోదండపాణి గారే నా బల్ల దగ్గరికి వచ్చారు. ఎప్పుడూ రాని మనిషి.

"పానకాలు గారూ, ఒక ఇబ్బంది వచ్చింది. రేపు ఉత్సవంలో తహసీల్దారు స్వీయ కవిత చదవాలట. ఉత్తర్వు తొమ్మిదో పేరా. నాకేమో..."

"ఊరికే చదివితే సరిపోదాండీ?"

"ఎలా సరిపోతుంది? కవిత కూడా కార్యాలయ పత్రమే. ఫైలు నెంబరు వేసి, నేను సంతకం చేసి, ముద్ర వేసి, ఋతు అధికారి ఆమోద సంతకం తీసుకున్న తర్వాతే చదవాలి. మీరే ఏదో ఒకటి... గంభీరంగా ఉండాలి. లుంగీ వద్దు."

"లుంగీ లేకుండా రాస్తానండి," అని మాటిచ్చాను. నా జీవితంలో అంత కష్టపడి ఏదీ రాయలేదు. మధ్యాహ్నానికి శుభ్రంగా సాపు తీసి, పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.

"ఒకసారి చదువుకోండి సారూ."

ఆయన అట్ట పెట్టారు. ఆ, కు, రా, లు, కా, లం. "భేష్," అన్నారు.

"పూర్తిగా చదువుకోండి సారూ, రేపు సభలో చదవాల్సింది మీరే."

"చదివేశానండీ," అని సంతకం పెట్టారు.

"అది కాదు సారూ, నడుమ కూడా..."

"పానకాలు గారూ, ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది. కాగితం ఎలా చూడాలో నాకు తెలుసు." ముద్ర కొట్టారు. ప్రభుదాసు నెంబరు వేశాడు. పద్మనాభం గారు అట్ట కూడా అడగలేదు. ఆయనది వేళ్ళ లెక్క. ఒక్కో అక్షరానికీ ఒక్కో వేలు మడిచారు, ఆరో అక్షరానికి రెండో చేతి వేలు మడిచారు, "ఆమోదించడమైనది" అని పచ్చసిరాతో రాశారు. మూడుసార్లు చదువుకోమన్నాను, ఎవరూ నన్ను తప్పు పట్టడానికి లేదు.

శనివారం. షామియానా, మైకు, ఎర్ర తివాసీ మీద పళ్ళెంలో వెండి పూత కత్తి. ముళ్ళకంచె మధ్య చెట్టు పచ్చగా నిలబడి ఉంది, దానికి గులాబీ రంగు రిబ్బను కట్టారు. ఊరంతా వచ్చింది. వజ్రమ్మ గోడ బయట, పొయ్యి ఆర్పేసి, కొంగు నడుముకి చుట్టి నిలబడింది.

ఋతువు గొప్పతనం గురించి పద్మనాభం గారు ముప్పావుగంట మాట్లాడి, కూర్చుని, వినడానికి కళ్ళు మూసుకున్నారు. కోదండపాణి గారు మైకు ముందుకి వచ్చి కాగితం విప్పారు. రాగం తీశారు కూడా. ఆయన గొంతు బాగుంటుంది.

"ఆవరణలోని బాదంచెట్టు యేసోబు భార్య వజ్రమ్మదేనని ఇందుమూలముగా తీర్మానించితిని!"

జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆయన రాగం ధ్యాసలో ఉన్నారు.

"కుదురు చుట్టూ వేసిన కంచె తక్షణము తొలగించవలెను..."

రాగం కొంచెం తగ్గింది.

"రాలిన ఆకు, రాలని ఆకు, రాలబోవు ఆకు, సమస్తమూ ఆమె వాడుకకే చెందును..."

ఇక్కడ ఆయన కళ్ళు మొదటిసారి కాగితం ఎడమ అంచు వదిలి నడిమధ్యకి వెళ్ళాయి. అక్కడే నిలబడిపోయాయి. నా వైపు చూశారు. నేను చెట్టు వైపు చూశాను. జనంలోంచి అంకయ్య అరిచాడు, "ఆగొద్దు సారూ, బాగుంది!" చప్పట్లు మోగాయి. నాలుగు వందల మంది ముందు, మైకు చేతిలో, సంతకం తనదే. ఆయన ఆగలేకపోయారు.

"లుప్తమైపోవును ఇదివరకటి ఉత్తర్వులన్నియు..."

"కాండము మీద కత్తి తగిలినచో కఠిన చర్య తీసుకొనబడును..."

ఆఖరి పాదం గుసగుసలా వచ్చింది. అయినా మైకు మంచిది.

"లంచ్ వేళలోగా అమలు పరచవలెను."

పద్మనాభం గారు ఆరో వేలు మడిచి కళ్ళు తెరిచారు. "అద్భుతం! ఆరూ వచ్చాయి!" అని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన లేచారు గనక ఆఫీసు మొత్తం లేచింది.

కోదండపాణి గారు ఆయన చెవి దగ్గరికి వంగారు. "సార్, ఇందులో విషయం కొంచెం..."

"విషయం జోలికి పోకండి కోదండపాణి గారూ. విషయం కవి స్వేచ్ఛ."

"కవి నేనే సార్. కింద మీ ఆమోదం కూడా ఉంది."

అప్పుడు పద్మనాభం గారు కాగితం తీసుకుని చదివారు. ఎడమ నుంచి కుడికి. ఆయన సర్వీసులో అదే మొదటిసారి అయ్యుండాలి, ఎందుకంటే ఒక్కో పాదం చివరికి వచ్చేసరికి దారి తప్పినట్టు మళ్ళీ వెనక్కి వస్తున్నారు. మొహం అచ్చం బాదం ఆకులాగే పచ్చ నుంచి ఎరుపుకి తిరిగింది. మా మండలంలో ఆ యేడు నిజంగా రంగు మారినది అదొక్కటే.

ప్రభుదాసు గడియారం చూసుకున్నాడు. వాడు మంచి ఉద్యోగి, కాగితంలో ఏముంటే అది చేస్తాడు. "సారూ, నెంబరుంది, ముద్రుంది, రెండు సంతకాలున్నాయి. లంచ్‌కి ఇంకా పన్నెండు నిమిషాలే ఉంది. ముళ్ళకంచె విప్పడానికి పది నిమిషాలు పడుద్ది. మొదలెట్టమంటారా?"

"ఆపు! ఇది చెల్లదు! మేము చదవకుండా..." అని పద్మనాభం గారు సగంలో నోరు మూసుకున్నారు. నాలుగు వందల మందీ ఆ మిగతా సగం కోసం ఎదురు చూస్తున్నారు.

"చదవకుండా సంతకం పెట్టామని రాసివ్వచ్చండీ," అన్నాను నేను, సాయం చేద్దామని. "కాకపోతే అది కూడా ఆరు పాదాల్లోనే రాయాలి. నేను ఇక్కడే ఉంటాను."

ఆయన వెండి పూత కత్తి వంక చూశారు, కాండము మీద కత్తి తగిలినచో అన్న పాదం వంక చూశారు, జీపు వంక చూశారు. జీపు దగ్గరలోనే ఉంది.

కంచె తొమ్మిది నిమిషాల్లో విప్పారు, జనం కూడా చెయ్యి వేశారు గనక. వజ్రమ్మ లోపలికి వచ్చింది. చెట్టుకి కట్టిన రిబ్బను విప్పి జడకి చుట్టుకుంది. కాండం మీద చెయ్యి పెట్టి పైకి కిందికి తడిమి చూసింది, బిడ్డకి దెబ్బలేమన్నా తగిలాయేమోనని చూసినట్టు. తర్వాత నా వైపు తిరిగి, "బల్ల కాస్త అటు జరుపన్నా, పొయ్యికి చోటు చాల్దు," అంది. నేను చేసిన మేలుకి ఆవిడ చెప్పిన మాట అదొక్కటే.

ఇక్కడితో అయిపోయేది. కానీ పద్మనాభం గారు తప్పు జరిగిందని పైకి రాయలేరు గదా. అందుకని ఉత్సవం దిగ్విజయంగా జరిగిందని, తూములపాడు తహసీల్దారు కవిత జిల్లాకే తలమానికమని నివేదిక పంపారు. పై ఆఫీసులో పెద్దాయన వేళ్ళు మడిచి చూసుకుని ముచ్చటపడ్డారు. ఆ కవితని నమూనాగా జిల్లాలోని మండలాలన్నిటికీ పంపి, ప్రతి తహసీల్దారూ యథాతథంగా సంతకం చేసి తమ తమ కార్యాలయాల్లో అమలు చేయాలని ఉత్తర్విచ్చారు. ప్రభుదాసు ఉపాయం అప్పటికే జిల్లా అంతా పాకింది గనక అందరి దగ్గరా అట్టలున్నాయి. అందరూ సంతకం పెట్టారు.

దాంతో ఇప్పుడు జిల్లాలో ఏ మండలాఫీసులో బాదం చెట్టున్నా అది మా వజ్రమ్మదే. ఒక మండలంలో అసలు బాదం చెట్టే లేదు. ఉత్తర్వు అమలు కావాలి గనక ఒకటి తెచ్చి నాటారు, చుట్టూ కంచె వేశారు, కంచె తొలగించారు. పోయిన నెల సముద్రం ఒడ్డు మండలం నుంచి ఒక గుమాస్తా బస్సులో వచ్చి, గాలివానకి చెట్టు కొమ్మ విరిగింది, నరికించుకోవడానికి అనుమతి కావాలని వజ్రమ్మ ముందు అర్జీ పెట్టాడు. ఆవిడ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, ఉప్పు డబ్బా కింద పెట్టి, "మజ్జానం రా, చూద్దాం," అంది. ఆఫీసు పద్ధతి ఆవిడకి త్వరగానే అబ్బింది.

కోదండపాణి గారు నా మీద కోపం పెట్టుకోలేదు. నాలుగు రోజులు మాట్లాడలేదు, అయిదో రోజు ఆకలేసింది. వచ్చి చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు. వజ్రమ్మ ఎర్రటి ఆకు ఏరి, దులిపి, అందులో ఇడ్లీలు పెట్టి అందించింది. ఆయన ఎడమ పక్క నుంచి తినడం మొదలెట్టి, ఏదో తగ్గిందన్నట్టు తలెత్తి చూశారు.

"చట్నీ వెయ్యలేదా వజ్రమ్మా?"

"వేశాను సారూ," అంది వజ్రమ్మ, రెండో వాయ దింపుతూ. "నడుమన ఉంది. అంచులు చూసి లేదంటే ఎట్టా?"